పాత కీబోర్డు పలుకు ఎందుకు వేరు?

మా బడి సామాన్ల గదిలో ఒక పాత ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉంది. 1980లలో ఒక పూర్వ విద్యార్థి ఇచ్చి వెళ్లినది. కిందటేడు మరో దాత కొత్తది ఒకటి ఇచ్చారు. రెండింటినీ ఒకే బల్లమీద పెట్టి, రెండింటిలోనూ "పియానో" అని ఉన్న మీట నొక్కి, ఒకే మెట్టు వాయించి చూశాం. కొత్తది గంట కొట్టినట్టు ఖంగున మోగింది. పాతది గరగరమంటూ, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు పలికింది.

"దీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం మాస్టారూ!" అన్నారు పిల్లలు. మా సంగీతం టీచరుగారు మాత్రం ఒప్పుకోలేదు. "దాని ఆర్గన్ విన్నాక మాట్లాడండి. కొత్తదానికి ఆ నిండుదనం ఎక్కడిది?" అన్నారావిడ. ఎవరి మాట నిజం? హెడ్‌మాస్టరుగారు తీర్పు చెప్పమని నాకు వదిలేశారు. తీర్పు చెప్పేముందు కీబోర్డు లోపల స్వరం ఎలా పుడుతుందో తెలుసుకోవద్దూ? మీరూ నాతో రండి.

కీబోర్డు నడుమ ఉండే 'సి' అనే మెట్టు నొక్కితే గాలి సెకనుకు దాదాపు 262 సార్లు కంపిస్తుంది. పాతదైనా కొత్తదైనా అంతే. హార్మనీపెట్టెలో ఆ మెట్టు నొక్కినా, వేణువు మీద ఆ స్వరమే ఊదినా అంతే. శ్రుతి ఒకటే. అయినా కళ్లు మూసుకుని ఏది హార్మనీయో ఏది వేణువో చెప్పగలుగుతున్నాం గదా! అలా గుర్తుపట్టడానికి సాయపడే లక్షణాన్నే నాదగుణం అంటారు.

ఏ వాద్యమూ ఒక్క 262 కంపనాలనే పలకదు. దానితోపాటు రెండింతలు 524, మూడింతలు 786, నాలుగింతలు 1,048, ఇలా పైపైన ఎన్నో సన్నని స్వరాలు కలిసి పలుకుతాయి. అన్నిటికన్నా కిందిది ప్రాథమిక స్వరం. పైవి అనుస్వరాలు. పులుసులో ఉప్పూ కారమూ బెల్లమూ పాళ్లు మారితే రుచి మారినట్టు, ఈ అనుస్వరాల పాళ్లు మారితే నాదగుణం మారుతుంది.

పాళ్లు సరిగా కుదిరితే చాలా? చాలదు. మీ ఇంట్లో సెల్‌ఫోనులో శబ్దాన్ని వెనకనుంచి ముందుకు వినిపించే అప్లికేషన్ ఉంటే ఒక తమాషా చేయండి. పియానో స్వరం ఒకటి రికార్డు చేసి తిరగేసి వినండి. అనుస్వరాల పాళ్లు ఏమీ మారలేదు. కానీ పియానో పోయి, హార్మనీపెట్టె తిత్తిని నెమ్మదిగా నొక్కినట్టు వినిపిస్తుంది. పియానోలో మొదట సుత్తి తీగకు తగిలిన 'టక్' అనే దెబ్బ, ఆ తరువాత మెల్లగా ఆరిపోవడం ఉంటాయి. తిరగేస్తే ఆ దెబ్బ చివరికి పోతుంది. అంటే మన చెవి పాళ్లతోపాటు స్వరం ఎలా మొదలైంది, నడుమ ఎలా మారింది, ఎలా ఆరింది అన్నది కూడా పట్టి చూస్తుందన్నమాట. కీబోర్డు తయారుచేసేవాళ్లకు ఎదురైన చిక్కంతా ఇక్కడే ఉంది.

అమెరికాలో లారెన్స్ హామండ్ తయారుచేసిన ఆర్గన్ 1935లో అమ్మకానికి వచ్చింది. దానిలో అంచున పళ్లున్న ఇనుప చక్రాలు తిరుగుతుంటాయి. ఒక్కొక్క చక్రం ఎదుట ఒక అయస్కాంతం, దానిచుట్టూ తీగచుట్ట ఉంటాయి. ఒక్కొక్క పన్ను దాటినప్పుడల్లా తీగచుట్టలో విద్యుత్తు ఒకసారి ఊగుతుంది. చక్రానికి 16 పళ్లుండి సెకనుకు 20 సార్లు తిరిగితే 320 ఊపులు వస్తాయి. ఇలాంటి చక్రాల ఊపులను కావలసిన పాళ్లలో కలుపుకోవడానికి వాయించేవాడి ముందు లాగుడు మీటలు ఉంటాయి. అనుస్వరాలను చేత్తో కలిపి వండుకోవడమే!

ఈ ఆర్గన్‌లో మెట్టు నొక్కగానే స్పర్శకాలు ఠక్కున కలిసి 'చిట్' అనే చప్పుడు వస్తుంది. తయారుచేసినవాళ్లు దాన్ని లోపమనే అనుకున్నారు. కానీ జాజ్, రాక్ వాయించేవాళ్లకు అదే నచ్చింది. ఇప్పుడు ఆ ఆర్గన్‌ను అనుకరించే కొత్త కీబోర్డుల్లో ఇనుప చక్రాలూ లేవు, ఆ స్పర్శకాలూ లేవు. అయినా ఆ 'చిట్' చప్పుడును పనిగట్టుకుని చేరుస్తున్నారు. ఎంత కావాలో పెంచుకుని తగ్గించుకునే వీలుకూడా కొన్నిటిలో ఉంటుంది. లోపం ఏదో గుణం ఏదో పుస్తకం చూసి చెప్పలేమనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తరువాత ట్రాన్సిస్టర్ల కాలం వచ్చింది. 1970లో వచ్చిన మినీమూగ్ అనే వాద్యంలో తిరిగే చక్రాలు లేవు. ఆసిలేటర్ అనే విద్యుత్ వలయమే ఊపులు పుట్టిస్తుంది. ఆ ఊపును గీసి చూస్తే రంపపు పళ్లలాగానో, చతురస్రపు మెట్లలాగానో ఉంటుంది. రంపపు తరంగంలో అనుస్వరాలన్నీ ఉంటాయి. చతురస్ర తరంగంలో 1, 3, 5, 7 వంటి బేసి అంకెలవే ఉంటాయి. అందుకే అది వెదురు గొట్టంలోంచి వచ్చినట్టు బోలుగా వినిపిస్తుంది. ఇలా ముందు అన్నీ పుట్టించి, పనికిరానివాటిని వడపోత వలయంతో తీసేస్తారు. హామండ్ పద్ధతి వంట వంటిదైతే ఇది శిల్పం చెక్కడం వంటిది.

మినీమూగ్‌లో మూడు ఆసిలేటర్లున్నాయి. కానీ ఒక్కసారికి ఒక్క మెట్టే పలుకుతుంది. పైగా వేడెక్కితే శ్రుతి జారిపోయేది. మూడు ఆసిలేటర్లూ ఒకే స్వరానికి సరిచేసి పెట్టినా అవి అచ్చంగా ఒకటిగా ఉండవు. ఒకటి 262, మరొకటి 262.5 అయిందనుకోండి. అప్పుడు రెండు సెకన్లకు ఒకసారి ధ్వని పెరిగి తగ్గుతుంది. వీటినే విస్పందనాలు అంటారని భౌతికశాస్త్రంలో చదువుకుంటారు. ఈ మెల్లని ఊపువల్ల స్వరం కదులుతూ, నిండుగా, నలుగురు కలిసి పాడుతున్నట్టు ఉంటుంది. "పాత కీబోర్డుల్లో ఏదో వెచ్చదనం ఉంది" అనేవాళ్లకు నచ్చేది చాలావరకు ఇదే. అందులో మాయ ఏమీ లేదు. తరువాత కంప్యూటర్ పద్ధతిలో స్వరాలు అచ్చుగుద్దినట్టు ఒకటిగా వచ్చేసరికి అవి ప్రాణం లేనట్టు అనిపించాయి. దాంతో కొత్తవాటిలో శ్రుతి కొద్దిగా జారేలా లెక్కకట్టి మరీ చేరుస్తున్నారు!

ఇక 1983. ఆ ఏడు జపానులోని యమహా కంపెనీ డిఎక్స్-7 అనే కీబోర్డును తెచ్చింది. ఒకేసారి 16 స్వరాలు పలికేది. దాని వెనక ఉన్న ఉపాయం మనవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. వీణ మీద తీగను వేలితో ఊపుతారు గదా. సెకనుకు ఐదారుసార్లు ఊపితే ఆ ఊపు మన చెవికి తెలుస్తుంది. మరి ఆ వేలు సెకనుకు 200 సార్లు ఊగితే? మనిషి వేలికి సాధ్యం కాదు గాని విద్యుత్తుకు సాధ్యమే. అప్పుడు చెవికి ఊపు వినిపించదు. దాని బదులు కొత్త కొత్త అనుస్వరాలు పుట్టుకొచ్చి నాదగుణమే మారిపోతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో ఈ సంగతి కనిపెట్టాడు. 1973లో ప్రచురించాడు. ఒక తరంగంతో మరో తరంగం పౌనఃపున్యాన్ని ఊపడమే ఈ పద్ధతి.

దీనిలో గొప్ప సంగతి ఏమిటంటే, ఊపే తరంగం బలాన్ని మెట్టు నొక్కిన వేగానికి ముడిపెట్టవచ్చు. మెల్లగా నొక్కితే మెత్తగా, గట్టిగా కొడితే చురుగ్గా పలుకుతుంది. నడుమ ఎక్కడా తెగదు. గంటలు, ఎలక్ట్రిక్ పియానో, లోహపు పలకల వాద్యాలు దీనిలో అద్భుతంగా వస్తాయి. కానీ మనిషి గొంతు? వయొలిన్? అసలు పియానో? వాటి పోలిక వస్తుంది గాని నమ్మించదు.

నమ్మించాలంటే ఏం చేయాలి? అసలు వాద్యాన్నే రికార్డు చేసి మెట్టుకు తగిలించాలి. ఈ ఆలోచన పాతదే. ఇంగ్లండులో 1963లో వచ్చిన మెలోట్రాన్ అనే వాద్యంలో ఒక్కొక్క మెట్టు కింద ఒక్కొక్క టేపు ముక్క ఉండేది. మెట్టు నొక్కితే టేపు నడిచేది. సుమారు 8 సెకన్లకు టేపు అయిపోయేది. వేలు తీసి మళ్లీ నొక్కవలసిందే. తరువాత టేపు బదులు అంకెలు వచ్చాయి. ధ్వని తరంగం ఎత్తును సెకనుకు వేలసార్లు కొలిచి, ఆ కొలతలను మెమరీలో దాచడం. దీన్ని సాంప్లింగ్ అంటారు.

ఇక్కడ రెండు ప్రశ్నలు పుడతాయి. సెకనుకు ఎన్నిసార్లు కొలవాలి? ఒక్కొక్క కొలత ఎంత సూక్ష్మంగా ఉండాలి?

మొదటిదానికి ఒక కచ్చితమైన నియమం ఉంది. సెకనుకు ఎన్ని కొలతలు తీసుకుంటే, అందులో సగం కంపనాల వరకే ధ్వని దక్కుతుంది. 1980ల మధ్యలో పిల్లలకోసం వచ్చిన కాసియో ఎస్‌కె-1 అనే చిన్న కీబోర్డు సెకనుకు 9,380 కొలతలు తీసుకునేది. కాబట్టి 4,690 కంపనాలకు పైనున్నదేదీ దానికి అందదు. 'స' అనే అక్షరంలోని బుస ఎక్కువగా 4,000కు పైనే ఉంటుంది. ఆ కీబోర్డు ముందు "సీసా" అని పలికి మెట్టు నొక్కితే టెలిఫోనులో మాట్లాడినట్టు మొద్దుగా వినిపించేది ఇందుకే. 1982లో వచ్చిన సిడి పళ్లెం సెకనుకు 44,100 కొలతలు తీసుకుంటుంది. మనిషి చెవి వినగల 20,000 కంపనాల కన్నా దాని సగమే ఎక్కువ.

ఇక సూక్ష్మత. పాతవాటిలో ఒక్కొక్క కొలతకు 8 బిట్లు. అంటే తరంగం ఎత్తును 256 మెట్లలో ఎక్కడో ఒకచోట సర్దాలి. సిడిలో 16 బిట్లు. అప్పుడు 65,536 మెట్లు. స్వరం బిగ్గరగా ఉన్నంతసేపు 256 మెట్లతో పెద్ద బాధ లేదు. మెల్లగా ఆరిపోయేటప్పుడే చిక్కు. తరంగం చిన్నదైపోయి నాలుగైదు మెట్లలోనే ఊగుతుంది. నున్నగా ఉండవలసిన వంపు మేడమెట్లలా అవుతుంది. చెవికి అది ఇసుక రాల్చినట్టు గరగరలాడుతుంది. పాత కీబోర్డు పియానో తోక భాగాన్ని జాగ్రత్తగా వినండి, తెలుస్తుంది.

మరి అప్పటివాళ్లకు ఈ నియమాలు తెలియవా? నిక్షేపంలా తెలుసు. అడ్డుపడింది మెమరీ ఖరీదు. ఒక లెక్క వేద్దాం, పెన్సిలు తీసుకోండి. పియానోకు 88 మెట్లు. ఒక్కొక్క స్వరాన్ని 20 సెకన్లు రికార్డు చేశామనుకుందాం. సిడి నాణ్యతతో, రెండు చెవులకూ వేరువేరుగా అయితే సెకనుకు 1,76,400 బైట్లు కావాలి. 88ని 20తో, దాన్ని 1,76,400తో గుణించండి. 31 కోట్ల బైట్లు దాటుతుంది! మెల్లగా కొట్టినప్పుడు, గట్టిగా కొట్టినప్పుడు పియానో వేరుగా పలుకుతుంది కాబట్టి నాలుగు రకాల దెబ్బలకు నాలుగుసార్లు రికార్డు చేస్తే 124 కోట్లు. 1981లో వచ్చిన ఎమ్యులేటర్ అనే ఖరీదైన కీబోర్డు మొత్తం మెమరీ 128 కిలోబైట్లు. అంటే లక్షా ముప్పై ఒక్క వేలు. పైన చెప్పిన ఎస్‌కె-1లో మీరు రికార్డు చేసుకునేందుకు దొరికేది 1.4 సెకన్లు. డిఎక్స్-7లో ఒక వాద్యాన్ని వర్ణించడానికి 155 అంకెలు చాలు! లెక్కతో స్వరం పుట్టించే పద్ధతి ఆనాడు ఎందుకు రాజ్యమేలిందో ఇప్పుడు తెలిసిందా?

మెమరీ లేనివాడు పొదుపు చేయాలి గదా. రెండు ఉపాయాలు పన్నారు. ఒకటి, స్వరం మొదటి భాగాన్ని దాచి, తరువాతి చిన్న ముక్కను గిరగిర మళ్లీమళ్లీ వినిపించడం. మెట్టును అలాగే నొక్కిపట్టి వింటే గానుగెద్దు తిరిగినట్టు అదే ఊపు తిరిగి తిరిగి వస్తుంది. రెండోది, ఒక్క రికార్డింగును పదిపన్నెండు మెట్లకు పంచడం. పై మెట్టుకు వేగంగా, కింది మెట్టుకు నెమ్మదిగా నడిపిస్తారు. మనిషి గొంతును వేగంగా నడిపితే చిలకలా కిచకిచలాడుతుంది గదా, వాద్యానికీ అదే గతి. వయొలిన్ స్వరాన్ని అలా పైకి లాగితే తీగ కంపనంతోపాటు దాని చెక్కపెట్టె అనునాదం కూడా పైకి పోతుంది. వయొలిన్ బొమ్మంత అయిపోయినట్టు వినిపిస్తుంది.

మెమరీ చౌక అయ్యేకొద్దీ ఈ పొదుపు తగ్గింది. పియానో, వయొలిన్, తబలా వంటి అసలు వాద్యాలను పోలిన పలుకులో మంచి కొత్త కీబోర్డు పాతదాన్ని మించిందనడంలో అనుమానం లేదు. కానీ కొత్తది అయినంతమాత్రాన మంచిదని కాదు. చవకరకం కొత్త కీబోర్డుల్లో ఈనాటికీ ఈ రెండు పొదుపు ఉపాయాలూ ఉంటాయి. మరో లోపం కూడా ఉండవచ్చు. ఒకే మెట్టును అతి మెల్లగా మొదలుపెట్టి, ఒక్కొక్కసారికి కొంచెం కొంచెం గట్టిగా నొక్కుతూ పొండి. ఏదో ఒకచోట నాదం ఉన్నట్టుండి మారితే, అక్కడ ఒక రికార్డింగు అయిపోయి మరొకటి మొదలైందని గుర్తు. 1983 నాటి డిఎక్స్-7లో ఆ అతుకు లేదు. ఈ అతుకు పోగొట్టడానికే, తీగా సుత్తీ చెక్కా ఎలా కంపిస్తాయో సమీకరణాలతో అప్పటికప్పుడు లెక్కకట్టే కీబోర్డులను కూడా తయారుచేశారు. రికార్డింగునుంచి మళ్లీ లెక్కకు తిరిగి వచ్చారన్నమాట!

సరే, మా బడి తగవు సంగతికి వద్దాం. పోల్చడానికి మేము మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఏది వాయిస్తున్నారో వినేవాళ్లకు కనిపించకూడదు. అందుకని నడుమ దుప్పటి కట్టాం. రెండూ ఒకే బిగ్గరగా ఉండాలి. ఎందుకంటే కొంచెం బిగ్గరగా ఉన్నదే బాగుందని చెవి మోసపోతుంది. దుకాణంలో కీబోర్డు కొనేటప్పుడు ఈ ఒక్కమాట గుర్తుంచుకున్నా మేలే. ఇక మూడోది, రెండింటినీ ఒకే హెడ్‌ఫోనుతో వినాలి.

మూడో కట్టుబాటు అమలు చేయగానే అందరం నిర్ఘాంతపోయాం. పాతదానిలో మేము విన్న గులకరాళ్ల చప్పుడు మాయమైంది! తోకలో సన్నని ఇసుక గరగర మిగిలింది, అంతే. తప్పు స్వరం పుట్టించే భాగానిది కానేకాదు. ప్లగ్గు తీసేసి, రేడియో మెకానిక్‌చేత విప్పించి చూస్తే, స్పీకరు కాగితం అంచున జానెడు మేర చిరిగి ఉంది. బొద్దింకలు కొరికి ఉంటాయి. మీరు మాత్రం కరెంటు వస్తువులు సొంతంగా విప్పకండి. స్పీకరు మార్పించాక మళ్లీ దుప్పటి కట్టాం. పియానోకు దాదాపు అందరూ కొత్తదానికే ఓటు వేశారు. ఆర్గన్‌కు వచ్చేసరికి ఎక్కువ చేతులు పాతదానికి లేచాయి. సంగీతం టీచరుగారు ఏమీ అనలేదు, నవ్వారు.

ఆ తరువాత తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "రెండూ కలిపి వాయిస్తే?" అంది. రెండింటిలోనూ ఆర్గన్ పెట్టి ఒకే మెట్టు నొక్కిపట్టాం. ధ్వని పెరిగి తగ్గుతూ ఊగసాగింది. గడియారం చూస్తూ లెక్కపెట్టారు. 10 సెకన్లకు 4 ఊపులు. అంటే రెండింటి శ్రుతికీ సెకనుకు 0.4 కంపనాల తేడా. మరి ఏది ఎక్కువ? పాతదాని వెనక ఉన్న శ్రుతి మరను ఒకవైపు కాస్త తిప్పి శ్రుతి పెంచితే ఊపు మరింత నెమ్మదించింది. కాబట్టి పాతదే తక్కువలో ఉంది. ఇంకా తిప్పి ఊపు పూర్తిగా ఆగేలా చేయబోతుంటే, పాడే పిల్లలు వద్దన్నారు. ఆ కొద్ది తేడా ఉంటేనే పాట వెనక నిండుగా ఉందట. వార్షికోత్సవం నాడు అలాగే ఉంచి వాయించాం.